యాడ, ఈడ

కోడుమూరు చర్చి పాస్టరు గారి సందేశం నిన్న సాయంత్రం వచ్చింది. "సార్ ప్రభువునందు నిద్రించినారు. రేపు పొద్దున సమాధి కార్యక్రమం." కింద జోడించిన చేతుల బొమ్మ.

నిద్రించినారు అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. నిద్రపోతుంటే ఆయన ఎలా ఉంటాడో నాకు తెలియదు. కళ్ళు మూసుకుంటే ఎలా ఉంటాడో మాత్రం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. కనుబొమలు రెండూ దగ్గరికి వచ్చేవి, కింది పెదవి కొంచెం ముందుకు వచ్చేది, కుడిచేతి చూపుడువేలు బల్ల మీద నిలబడేది. గట్టిగా పిలిచినా పలికేవాడు కాదు. రెండు శీతాకాలాలు ఆ మొహానికి ఎదురుగా కూర్చుని పనిచేశాను.

ఆయన పని వినడం. వినడం కూడా ఒక ఉద్యోగమా అని మా అమ్మ అడిగింది మొదట్లో. ఉద్యోగమే. సముద్రం మీద పోయే విమానానికి ఒడ్డు దాటి కొంతదూరం వెళ్ళాక మామూలు రేడియో అందదు. అప్పుడు పైకి పోయి, ఆకాశంలో పైపొరకు తగిలి, మళ్ళీ కిందికి వంగే తరంగాల మీద మాట్లాడాలి. ఆ మాట గరగరల మధ్య, ఈలల మధ్య, ఒకసారి దగ్గరకొచ్చి ఒకసారి దూరంపోతూ వస్తుంది. పాత విమానాలకు దీనికోసం తోక నుంచి వీపు మీదుగా ఒక తీగ లాగి కట్టేవారు. అది గాలికి ఊగేది, మంచు పడితే తెగేది. దాని బదులు తోక అంచులోనే దాచిపెట్టే కొత్త యాంటెన్నా ఒకటి తయారైంది. ఒకే విమానానికి పాతదీ కొత్తదీ రెండూ పెట్టి, సముద్రం మీద దూరంగా గుండ్రంగా తిప్పుతూ, మార్చి మార్చి మాట్లాడించేవారు. ఏది ఎప్పుడు మాట్లాడుతోందో వినేవాళ్ళకు చెప్పరు. వచ్చిన మాటకు మార్కులు వేయడమే పని.

అయిదు అంటే మాట పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టం. మూడు అంటే కష్టపడితే తెలుస్తుంది. రెండు అంటే అక్కడక్కడ ఒక మాట చిక్కుతుంది. ఒకటి అంటే అర్థమే కాలేదు. సిగ్నలు బలం కొలిచే యంత్రం నా ముందే ఉండేది కానీ దానికి మాటకూ గోలకూ తేడా తెలియదు. రెండింటికీ ముల్లు ఒకేలా లేస్తుంది. అందుకే చెవి కావాలి, ఆ చెవి ఆయనది. చిన్నప్పటి నుంచీ రేడియో పనిలోనే ఉండి రిటైరైన మనిషి. కోడుమూరులో సొంత ఇల్లు ఉంది కాబట్టి, దగ్గర్లోనే పని కాబట్టి, మళ్ళీ పిలిస్తే వచ్చాడు.

మా గది కోడుమూరు దాటాక, రోడ్డు వదిలి లోపలికి, చేలు అయిపోయి రాతినేల మొదలయ్యే చోట ఉండేది. రేకుల కప్పు, రెండు కుర్చీలు, ఒక కుండ. ఫ్యాక్టరీలు లేవు, ఇళ్ళు లేవు. గోల తక్కువని అక్కడ పెట్టారు. మనుషులకు ఏది బాగుండదో రేడియోకు అదే బాగుంటుందని నాకు ఆ గదిలో అర్థమైంది. కడప నుంచి వచ్చిన దాన్ని నేను. ఎండా రాళ్ళూ నాకు కొత్త కావు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మనిషి కూడా దారిన పోని చోటు అదే మొదటిసారి.

ఆయన గదిలోకి వచ్చేముందు చెప్పులు విప్పేవాడు. వాళ్ళ చర్చిలో అలవాటట. హెడ్‌ఫోను పెట్టుకునే ముందు దాన్ని చొక్కా కొసతో తుడిచేవాడు. ఆ తర్వాత గొంతు సవరించుకునేవాడు, మాట్లాడబోయేది తనే అయినట్టు. వినేవాడికి గొంతెందుకని ఒకసారి ఎగతాళి చేశాను.

"పాడేవాళ్ళకన్నా ముందు ఇనేవాళ్ళే గొంతు సరిచేసుకుంటారమ్మా మా సంఘంలో," అన్నాడు. "మాయమ్మి పాట మొదులుపెట్టేముందు చర్చి అంతా దగ్గేది."

మాయమ్మి అంటే ఆయన భార్య. కోడుమూరు చర్చిలో పాట ఎత్తేది ఆమేనని, ఆమె ఎత్తితే మైకు అక్కర్లేదని చాలాసార్లు చెప్పాడు. ఆమెను నేను అప్పటికి చూడలేదు.

పొద్దున పూట మాకు శత్రువులు బోరు మోటర్లు. త్రీఫేజు కరెంటు వచ్చిందంటే చుట్టుపక్కల చేలల్లో మోటర్లన్నీ ఒకేసారి లేచేవి, హెడ్‌ఫోనులో బరబరమని ఒకటే రొద. ఆయన కళ్ళు మూసుకునే, ఇది ఫలానా వాళ్ళ మోటరు అని చెప్పేవాడు. ఒక రోజు ఓపిక పట్టలేక, లేచి చెప్పులేసుకుని, చేను గట్ల మీద నడుచుకుంటూ పోయి ఒక రైతును పట్టుకున్నాడు. నేనూ వెంట వెళ్ళాను.

"ఏమప్పా, నీ స్టార్టరు డబ్బాలో నిప్పురవ్వలు లేస్తాండాయి. రొవ్వంత తుడిపించు."

"నీకెట్ల తెలుసు సార్? నువ్వు డబ్బా తెరిసి సూసినావా?"

"ఇనపడతాంది."

రైతు ఆకాశం వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు చూశాడు. "నా మోటరు ఇమానంలో ఇనపడతాందా?" అన్నాడు. భయపడ్డాడో గర్వపడ్డాడో తెలియలేదు. ఆ మధ్యాహ్నం మాకు శనక్కాయలు పంపించాడు కాబట్టి గర్వమే అనుకున్నాం. ఆ తర్వాత అసలు పని త్రీఫేజు పోయాకే పెట్టుకున్నాం.

ఒంటిగంటకు అన్నం. ఆయనది జొన్నరొట్టె, నంజుకోవడానికి ఊరిమిండి అనే శనక్కాయల పచ్చడి. తినేముందు ఫోను పట్టుకుని బయటికి పోయి, గది నీడలో రాతి మీద కూర్చుని ఇంటికి మాట్లాడేవాడు. నాకు కిటికీ లోంచి వినపడేది.

"యాడుండావే?" అని మొదలు. తర్వాత చాలాసేపు వినేవాడు. "అట్లనా," అనేవాడు. మళ్ళీ వినేవాడు, నవ్వేవాడు. "సరే సరే, ఈడ గూడా ఎండ శానా ఉండాది," అనేవాడు. ఆయన చెప్పేది తక్కువ, వినేది ఎక్కువ కాబట్టి ఆమె మంచి మాటకారి అనుకున్నాను. కొంచెం కుళ్ళుకున్నాను కూడా. కర్నూలులో నాది ఒంటిగది అద్దె. ఎక్కడున్నావని నన్ను అడిగేది ఇంటి ఓనరు మాత్రమే, అదీ గేటుకు తాళం వేయడానికి.

ఆయన ఆ అడగడమే విమానంతోనూ అడిగేవాడు. విమానంలో మాట్లాడే ఆపరేటరు ఆదోని మనిషి. జాబితాలోని ఇంగ్లీషు మాటలూ అంకెలూ చదవడం అయిపోయాక, మనవాడే కదా అని ఈయన మైకు నొక్కి, "యాడప్పా?" అనేవాడు. అటు నుంచి, "ఈడ సార్," అని వచ్చేది. ఆదోని వాళ్ళ పలుకులో అది యీడ. ఆ ఒక్క మాటతో ఆయనకు తృప్తి. కళ్ళు తెరిచి నవ్వి, అప్పుడు మార్కు వేసేవాడు. నాకు అది మొదటి నుంచీ నచ్చలేదు. పరీక్షలో లేని ప్రశ్న అడగడం ఏమిటి?

మొదటి శీతాకాలం మధ్యలో లెక్కలకు కూర్చున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. అదే విమానాన్ని ఇంకో ఊళ్లో కూర్చుని వింటున్న వాళ్ళు ఒకట్లు వేసిన చోట ఈయన రెండు వేశాడు. అన్నిచోట్లా రెండే. ఎంత వెతికినా ఆయన షీట్లలో ఒకటి అనే అంకె లేదు. ఆ ఒకట్లన్నీ కొత్త యాంటెన్నావి, అన్నీ ఒకే దిశలో ఉన్నాయి. విమానం తోక మన వైపు పెట్టినప్పుడు, అంటే మన నుంచి దూరంగా వెళ్ళిపోతున్నప్పుడు. ఈయన రెండ్లు కలిపితే కొత్త యాంటెన్నా పాసవుతుంది. తీసేస్తే అవదు. ఒడ్డు వదిలి వెళ్ళే ప్రతి విమానమూ తోక ఒడ్డుకే పెడుతుంది. అంటే ఇది ఆఫీసు తగాదా కాదు. రేపు ఎవరో పైలట్ నడిసముద్రంలో పిలుస్తుంటే ఇక్కడ ఎవరికీ అర్థం కాకపోవచ్చు.

షీట్లు ముందు పెట్టి అడిగాను. "ఒకటి ఎందుకు వేయరు సార్?"

"ఎట్ల ఏస్తానమ్మా? మనిషి ఉండాడు గదా ఆడ."

"మనిషి లేడని కాదు సార్ ఒకటంటే. మాట అర్థం కాలేదని."

"నాకు అర్థమయితాంది. యాడ అంటే ఈడ అంటాండాడు. ఇంకేం గావాల?"

"మీరు అడిగిందానికి జవాబు మీకు ముందే తెలుసు. తెలిసిందాన్నే మీరు వింటున్నారు."

ఆయన మొహం ఎర్రబడింది. "నా చెవి మీద అనుమానమా నీకు?"

"చెవి మీద కాదు సార్," అన్నాను. మిగతా సగం అనలేదు. అనకపోయినా అర్థమైంది ఆయనకు.

పరీక్ష పెట్టుకుందామన్నాను. చాటుగా కాదు, ముందే చెప్పి. ఆదోని ఆయన తనకు తోచినట్టు ఒకసారి యాడ అనాలి, ఒకసారి ఈడ అనాలి. ఏది ఎప్పుడు అన్నాడో రాసి పెట్టుకోవాలి. ఇక్కడ మేమిద్దరం విన్నది వేరువేరుగా రాయాలి. నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. "అదేం పెద్ద పని," అన్నాడాయన. హెడ్‌ఫోను ఆ రోజు రెండుసార్లు తుడిచాడు.

విమానం పక్కకు తిరిగి ఉన్నప్పుడు ఇద్దరమూ సరిగ్గా రాశాం. తోక మావైపు తిరిగాక గోల పెరిగింది. గోల లోపల ఎక్కడో ఒక గొంతు లేచి పడుతోంది, అంతే. యా అన్నాడో యీ అన్నాడో, మొదటి అక్షరాన్నే గోల తినేస్తోంది. మిగిలేది ఆ చివరి డ. అడుగుతున్నాడా, జవాబు చెబుతున్నాడా? తెలియని చోటల్లా నేను గీతలు పెడుతూ పోయాను. ఆయన కళ్ళు మూసుకుని, పెదవి ముందుకు పెట్టి, తడబడకుండా రాస్తూ పోయాడు.

విమానం దిగాక ఫోనులో ఆదోని ఆయన నవ్వుతూ చెప్పాడు. "తోక తిప్పినాక అన్నీ యాడ అనే అన్న్యా సార్. ఈడ అననే లేదు. ఊరికే తమాషాకు."

ఆయన కాగితం మీద అన్నీ ఈడ.

ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోలేదు, చించలేదు. అలాగే బల్ల మీద వదిలి, హెడ్‌ఫోను మేకుకు తగిలించి, బయటికి పోయి రాతి మీద కూర్చున్నాడు. ఒంటిగంట అయింది. ఫోను చేతిలో ఉంది, చేయలేదు. రొట్టె మూట విప్పలేదు. నేను పిలిస్తే, "ఆకలి లేదు," అన్నాడు. నేను చేసింది తప్పని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ ఆ మధ్యాహ్నం నేనూ నా డబ్బా విప్పలేదు.

మర్నాడు ఒంటిగంటకు ఆయన బయటికి పోలేదు. ఫోను తెచ్చి బల్ల మీద, మా ఇద్దరి మధ్య పెట్టాడు.

"అమ్మా, నువ్వొకటి ఇని చెప్పాల. మార్కు ఏసినట్టే చెప్పాల."

నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది. "సార్, నిన్న చేయకపాయె? అక్క తలుపు దిక్కే సూస్తాండె. పెడ్తాండా ఉండు," అంది. పక్కింటామె అట, పగలు తోడుండేది. చెవికి ఫోను ఆనించిన చప్పుడు వినపడింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "యాడుండావే?"

అవతల నుంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు. గొంతులోనే పుట్టి గొంతులోనే ఆగిపోయిన ఒక సాగదీత, చివర నాలుక అంగిలికి తగిలీ తగలనట్టు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి. ఆమెకు పక్షవాతం వచ్చి కొన్నేళ్ళయింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. డాక్టరు ఆమెకు మనం చెప్పేది తెలుస్తుందో లేదో చెప్పలేనన్నాడు. తెలుస్తుందని ఈయన ఒక్కడే అంటాడు. ఎందుకంటే యాడుండావే అంటే ఈడ అంటుంది కాబట్టి. రోజూ. ఆ ఒక్క మాట మీద ఈయన అన్నేళ్ళూ బతుకుతున్నాడు. నేను కుళ్ళుకున్న ఆ కబుర్లూ నవ్వులూ అన్నీ ఆ ఒక్క శబ్దం మీద కట్టుకున్నవే.

"నిన్న రాత్రంతా ఇదే ఆలోచన," అన్నాడు. "ఆ ఆదోని వానిది తప్పు ఇన్న్యా. అన్నీ తప్పే. మరి ఇది? ఇది గూడా నేనే అనుకుంటాండానా? ఆయమ్మి ఆడ లేకపోతే, నేను ఇన్నేండ్లు ఎవురితో మాట్లాడినట్టు?"

అబద్ధం చెప్పొచ్చు. "ఈడ అన్నారు సార్, బాగా తెలిసింది," అంటే సరిపోతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నా జీవితంలో రాలేదు. కానీ ఆయన అడిగింది మార్కు. మాటకు అబద్ధం చెప్పగలను గానీ మార్కుకు చెప్పలేను, నా తత్వం అంతే.

"ఇంకోసారి అడగండి సార్," అన్నాను.

అడిగాడు. శబ్దం వచ్చింది. మళ్ళీ అడగమన్నాను. మళ్ళీ వచ్చింది. "ఈసారి అడక్కుండా ఊరికే ఉండండి," అన్నాను. ఊరికే ఉన్నాం. అవతలా నిశ్శబ్దం. ఫ్యాను తిరగడం, పక్కింటామె గిన్నె కింద పెట్టడం వినపడ్డాయి, ఆమె వినపడలేదు. చాలాసేపు అలాగే ఉన్నాం. అప్పుడు ఏదైనా పొడుగ్గా చెప్పమన్నాను. ఆయన ఆదోని వాడి తమాషా అంతా చెప్పాడు, తను ఎట్ల తప్పు విన్నాడో, ఈ కడప పిల్ల ఎట్ల పట్టుకుందో. ఆయన చెబుతున్నంతసేపూ అవతల ఏ శబ్దమూ లేదు. చెప్పడం ఆపాడు. ఆపిన తర్వాత, ఊపిరి తీసుకునేంత వ్యవధి తర్వాత, ఆ సాగదీత వచ్చింది.

ఫోను పెట్టేశాక చెప్పాను.

"మాటకు ఒకటి సార్. ఈడ అన్నారో లేదో నాకు తెలియలేదు. ఎవరికీ తెలియదు."

ఆయన తల వంచుకున్నాడు.

"కానీ గోల ఆగదు సార్. మనం మాట్లాడినా మాట్లాడకపోయినా గోల గోలే. ఎవరి వంతు అని చూసుకోదు. ఆమె ఆగుతున్నారు. మీరు చెప్పేంతవరకూ ఆగి, మీరు ఆపాక పలుకుతున్నారు. ఏమంటున్నారో నాకు తెలియదు. వింటున్నారు."

ఆయన బల్ల మీద వేలు నిలబెట్టి, తీశాడు. తర్వాత చొక్కా కొస ఎత్తి హెడ్‌ఫోను తుడవబోయి, కళ్ళు తుడుచుకున్నాడు. నేను లేచి కుండ దగ్గరికి పోయి, దాహం లేకపోయినా నీళ్ళు తాగాను.

"ఆగుతాది," అన్నాడు నా వెనక నుంచి. "పెండ్లయినప్పటి నుంచీ అంతే. నేను చెప్పేది అయిపొయ్యేదాంక ఆగుతాది. ఆ పైన తిడుతాది."

ఆ రోజు మధ్యాహ్నం విమానం తోక తిప్పినప్పుడు ఆయన మొదటిసారి ఒకటి వేశాడు. పక్కన రిమార్కుల గడిలో తెలుగులో 'మనిషి ఉండాడు' అని రాశాడు. ఆ తర్వాత ప్రతి ఒకటి పక్కనా అదే రాశాడు. ఆ ఒకట్లతో కొత్త యాంటెన్నా ఆ దిశలో నిలబడలేదు. తయారు చేసినవాళ్ళు వెనక్కి తీసుకుపోయి, సరిదిద్ది, మరుసటి శీతాకాలం మళ్ళీ తెచ్చారు. అప్పుడు బాగానే పలికింది. రిపోర్టులో 'మనిషి ఉండాడు'కు చోటు లేదు. నేనే కొట్టేశాను. ఇప్పుడైనా కొట్టేస్తాను. కానీ కొట్టేస్తున్నప్పుడు ప్రతిసారీ ఒకసారి చదివాను.

రెండో శీతాకాలం చివర్లో ఆమె పోయింది. సమాధుల తోటకు నేనూ వెళ్ళాను. పాట ఎత్తేముందు అందరూ దగ్గారు, ఎవరూ ఎత్తలేదు కాసేపు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఆ మొహమే, పెదవి ముందుకు పెట్టి. తర్వాతి వారం పనికి వచ్చాడు. ఒంటిగంటకు ఫోను తీసుకుని బయటికి పోయి, రాతి మీద కూర్చుని, ఫోను చూసుకుని, జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాడు. నేను నా డబ్బా విప్పి సగం ఆయన ముందు పెట్టాను. ఇద్దరమూ తిన్నాం.

పని అయిపోయింది, గది మూసేశారు, నన్ను వేరే ఊరు వేశారు. కొత్త ఊళ్ళో చేరిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"యాడుండావమ్మా?"

"ఆఫీసులో ఉన్నాను సార్. చెప్పండి."

"ఏం లేదు. ఊరికే." కాసేపు ఆగి, "కడపదానివి, ఈడే ఉండా అనరాదా? ఆఫీసు తెలుగు మాట్లాడతాండావు," అని పెట్టేశాడు.

ఆ తర్వాత రోజూ చేశాడు. ఒంటిగంటకు. మీటింగులో ఉంటే తర్వాత నేను చేసేదాన్ని. పెద్దగా కబుర్లుండేవి కావు. ఎండ ఎంత, వాన వచ్చిందా, ఏం వండుకున్నావు. ఆయన ఎప్పుడూ ఒకే మాటతో మొదలుపెట్టేవాడు, నేను ఎప్పుడూ ఆఫీసు తెలుగులోనే జవాబు చెప్పేదాన్ని, ఆయన ఎప్పుడూ దానికి తిట్టేవాడు. కొన్నిసార్లు విసుక్కున్నాను. కానీ ఆ ఊళ్ళోనూ నాది ఒంటి ఇల్లే. రోజూ నేనెక్కడున్నానో తెలుసుకోవాలనుకునే మనిషి ఆయన తప్ప ఇంకొకరు లేరు. ఆయనకూ నేను తప్ప లేరు. ఈ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా అనుకోలేదు.

పాస్టరు గారి సందేశానికి ముందు, ఈ వారంలోనే, రెండు రోజులు ఫోను రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. మూడో రోజు ఆయన నంబరు నుంచే వచ్చింది, ఒంటిగంటకే. మాట్లాడింది పక్కింటామె.

"సార్‌కు బాలేదమ్మా. మాట పడిపోయినాది. నీకు చేయమని సైగ చేస్తాండాడు. చెవి కాడ పెడ్తాండా, మాట్లాడు."

ఆనించిన చప్పుడు వినపడింది. అవతల ఊపిరి. నేను గొంతు సవరించుకున్నాను. ఎండ గురించి చెప్పాను, వండుకున్న కూర గురించి చెప్పాను, మా కొత్త గదిలో గోల ఎక్కువని చెప్పాను. సెలవు పెట్టి ఆదివారానికల్లా వస్తానని చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆపాను.

ఊపిరి తీసుకునేంత వ్యవధి తర్వాత, ఒక శబ్దం వచ్చింది. మొదటి అక్షరం లేదు. చివర నాలుక తగిలీ తగలనట్టు ఒక డ.

మార్కు వేయమంటే ఒకటే వేస్తాను. యాడ అన్నాడో, ఈడ అన్నాడో నాకు తెలియలేదు. అడిగాడో, చెప్పాడో తెలియలేదు. కానీ ఆగాడు. నేను చెప్పేది అయిపోయేదాకా ఆగి అప్పుడు పలికాడు.

అడిగాడనే అనుకుని జవాబు చెప్పాను.

"ఈడే ఉండా సార్."